కాంటా మీద మనిషి

ఇరవై రెండేళ్లపాటు కాగితం మిల్లు గేటు దగ్గర లారీలను తూచిన మనిషి కాబట్టి డ్రైవర్లందరూ ఆయన్ని కాంటాయన అనేవారు. మిల్లు వాళ్లు ఆ పని కాంట్రాక్టుకిచ్చి ఆయన్ని ఇంటికి పంపేనాటికి నలభై తొమ్మిదేళ్లు. ఆ వయసులో కొత్తగా కుర్చీ వేసి కూర్చోబెట్టేదెవరు? చెప్పులరిగేలా తిరిగి, చివరికి లారీ నేర్చుకున్నాడు.

“బీరువా జరపమంటే గోడంతా గీరేసిన మనిషి, లారీ రివర్సు తీస్తాడట!” అంది భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా. అంటూనే సీటు మీదికి మెత్త కుట్టిచ్చింది.

ఇవాళ ఒంటరిగా మొదటి ట్రిప్పు. గోదాములో చిత్తుకాగితం ఎక్కించుకుని, ముప్పై కిలోమీటర్లు నడిపి, తను పనిచేసిన మిల్లుకే తేవాలి. “తూకంలో తేడా వస్తే తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపో,” అని లారీ యజమాని ముందే చెప్పాడు.

తేడా వచ్చింది. ఎనభై కిలోలు.

“తరుగు రాసేయమంటారా బాబాయ్?” అంది కాంటా గదిలోంచి కొత్త గుమాస్తా. తరుగంటే దారిలో సరుకు దింపేశాడని. దొంగ అనడానికి మిల్లు వాళ్లు వాడే మర్యాద మాట.

కాంటాయన తన కాళ్లవైపు చూసుకున్నాడు. కాంటా పక్కన నేల మీద ఉన్నాయి. “దిగవయ్యా, దిగు!” అని ఇరవై రెండేళ్లు డ్రైవర్లను అరిచిన నోరు ఆయనది. లారీ కాంటా ఎక్కగానే ఆ కాళ్లు వాటంతటవే దిగిపోయాయి. గోదాములో మాత్రం డ్రైవరు సీట్లో ఉండగానే తూచారు.

“తగ్గింది కాగితం కాదమ్మా, నేను! డెబ్భై రెండు కిలోలు నేనే, మిగతాది డీజిలు. ఎక్కి కూర్చుంటాను, మళ్లీ తూచు.”

ఆవిడ గోడ మీది బోర్డు చూపించింది. ‘తిరిగి తూచవలసిన బండి వరుస చివరికి వెళ్లవలెను. అయిదింటికి గేటు మూసిన పిదప మొదటి తూకమే ఖాయము.’ గుండ్రటి చేతిరాత. ఆయనదే.

వరుసలో ఇరవై మూడు లారీలు. నీడ లేదు. కుళాయి గేటు లోపల. అసలే చక్కెర జబ్బు మనిషి, గంటకోసారి వెళ్లక తప్పదు. మరుగుదొడ్డి కూడా లోపలే. దాని తాళం చెవి ఏ మేకుకు వేలాడుతుందో కూడా ఆయనకు తెలుసు. బయటివాళ్లకు ఇవ్వకూడదన్నదీ తనే. గోడ చాటుకు వెళ్లి వచ్చాడు. ఎక్కి కూర్చున్నాడు, దిగాడు, గడియారం చూశాడు, మళ్లీ ఎక్కాడు.

“ఏం సార్, మీ రూలు ఒంటికి పట్టిందా?” అన్నాడు ముందు లారీ డ్రైవరు, నడుముకు బెల్టు కట్టుకున్న పెద్దాయన.

నాలుగూ యాభై అయిదు అయింది. ఇక ముందున్నది పెద్దాయన లారీ ఒక్కటే. “అన్నా, నన్ను ముందు పోనిస్తావా? ఉద్యోగం పోయేలా ఉంది,” అని ఉన్నదంతా చెప్పాడు.

“ఆరేళ్ల కింద నాకూ అరవై అయిదు కిలోలు తగ్గింది. ‘సార్, అది నేనే’ అన్నాను. మీరేమన్నారో గుర్తుందా?”

గుర్తుంది. ‘అయితే నిన్ను నువ్వే దొంగిలించుకున్నావా?’ అన్నాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆ రాత్రి అన్నాల దగ్గర మళ్లీ చెప్పి భార్యనూ నవ్వించాడు.

“తర్వాత ఏమైంది?” అని అడిగాడు కాంటాయన.

“రెండేళ్లు ఏ బండీ ఎక్కనివ్వలేదు. నేను పక్కకు తియ్యను సార్. నా వరుస నాది.”

పెద్దాయన లారీ కాంటా ఎక్కి దిగేసరికి అయిదు కావచ్చింది. ముందు చక్రాలు గేటు దాటాక ఆగిపోయింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు: “అమ్మా, ఆయన బండి తూచు! అందాకా నా ఇంజను మొరాయించింది. గేటెలా వేస్తారో వేసుకోండి!”

కాంటాయన ఈసారి దిగలేదు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, కదిలితే అంకె మారుతుందేమోనన్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు.

“పది కిలోలే తేడా బాబాయ్, అది డీజిలే! సరి అని రాసేస్తున్నా,” అంది గుమాస్తా.

తాళాలు నిలిచాయి. తూకం చీటీ మాత్రం అందుకోలేదాయన. “డ్రైవరుతో కలిపి అని కూడా రాయమ్మా.”

“అలా రాయడానికి గడి లేదు బాబాయ్.”

లేదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? దిగి వచ్చి, పెన్ను తీసుకుని, చీటీ అంచున తనే రాశాడు.

“పాత రిజిస్టర్లు బీరువాలోనే ఉన్నాయా?”

“ఉన్నాయి. ఎందుకు?”

“ఆరేళ్ల కిందటిది తీసి ఉంచు. రేపు కూడా ఇక్కడికే లోడు వేయించుకుంటాను.”

గేటు మధ్యలోంచి పెద్దాయన అడిగాడు. “ఇప్పుడెందుకు సార్ అవన్నీ?”

“ఇంకా సార్ ఏమిటన్నా! ముందు బండి లోపలికి పోనియ్. నీ తరుగు పక్కన ‘డ్రైవరు లేకుండా’ అని రాయాలి. రేపటిదాకా ఎందుకు, ఆ బీరువా తెరిచేదాకా నాకు కాలు నిలవదు,” అన్నాడు కాంటాయన, అప్పటికే గదిలోకి అడుగుపెడుతూ.