వేరే ఊరి పేరుతో వచ్చిన రొయ్యలు

ఈ ఉదయం పక్క చెరువులో బ్లీచింగ్ చల్లారు. ఆ ఘాటు ల్యాబులోకి రాగానే నా మీద నాకే కోపం వచ్చింది. రోగమొచ్చిన నీళ్ళను కాలవలోకి వదిలేముందు చల్లాల్సిన పొడి అది. ఒకసారి మా బాబాయి చల్లలేదు, నేను చల్లించలేదు. ఆ వాసన వెంటే రామలక్ష్మి గారు గుర్తొస్తారు. భీమవరం దగ్గర రొయ్యల పరీక్షలు చేసే చిన్న ల్యాబు ఆమెది. చదువవగానే నేను అక్కడే చేరాను.

నీళ్ళ ద్వారా పాకే వైట్‌స్పాట్ జబ్బు తేలితే ఆ కాలవ మీది రైతులందరికీ ఫోన్ చేసి చెప్పడం ఆమె నియమం. చెబితే వాళ్ళు చెరువుల్లోకి నీళ్ళు పెట్టడం ఆపేస్తారు. కానీ మాట బయటికి పొక్కితే కొనేవాడు ధర తెగ్గోస్తాడు. అందుకని కొందరు తమ రొయ్యలను వేరే ఊరివాళ్ళ పేరుతో తెచ్చేవారు. ఒకాయన అలాగే వచ్చి నిలబడ్డాడు.

"ఎవరి చెరువండి?" అని అడిగారు రామలక్ష్మి గారు.

"మా బావమరిదిదండి. పక్క మండలం."

"బావమరిది చెరువుకి మీకింత చెమటలేంటండి? కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

సగం గ్లాసు తాగేసరికి ఆయన నిజం చెప్పేశాడు. ఆయన వెళ్ళాక నేను దొంగమొహం అని తిట్టాను. "తిట్టడం తేలికమ్మా. నిజం చెబితే ఆయనకేం పోతుందో అది చూడు. మనిషి అక్కడ అర్థమవుతాడు" అన్నారామె.

ఆ మాటను నేనెంత నీచంగా వాడుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాన్న పోయాక నన్ను చదివించిన బాబాయి, రామలక్ష్మి గారు లేని పూట చూసి రొయ్యలు తెచ్చాడు. వైట్‌స్పాట్ తేలింది. "రెండ్రోజులేనమ్మా. రొయ్యల పట్టుబడి అయిపోగానే నేనే అందరికీ చెబుతాను. ఏదో ఊరి పేరు రాసెయ్" అన్నాడు. రాసేశాను. ఆయన రొయ్యలు పట్టి అమ్ముకుని, నీళ్ళు అలాగే కాలవలోకి వదిలేశాడు. దిగువన కౌలుకు చేస్తున్న సూరిబాబు ఆ నీళ్ళే పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా అతని చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోయాయి. పట్టుబడి కూలీల ద్వారా సంగతి తెలిసి అతని భార్య ల్యాబుకొచ్చింది.

"మీకు ముందే తెలుసంటగా అమ్మా?" అంది.

ఆమె వెళ్ళాక రామలక్ష్మి గారితో అన్నాను. "బాబాయి భయపడ్డారండి. ఏం పోతుందో చూడమని మీరే చెప్పారు కదా."

ఆమె అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే. "మనిషిని అర్థం చేసుకోమన్నాను. ఆ అర్థం చాటున దాక్కోమన్నానా? మీ బాబాయిది భయం. మరి నీదేంటి?"

నాది మంచిపిల్ల అనిపించుకోవాలన్న యావ. అంతకు మించి ఏమీ లేదు. ఆ యావకి సూరిబాబు చెరువు బలైంది. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, కాలవ మీది ప్రతి రైతుకీ నా పేరు చెప్పి మరీ నా తప్పు ఒప్పుకోమన్నారు. ఒప్పుకున్నాను. మిగతా చెరువులు దక్కాయి, సూరిబాబుది మాత్రం దక్కలేదు.

ఇప్పుడు ఆమె లేరు, ఈ ల్యాబు నాది. పోయిన వారం బాబాయి మళ్ళీ సంచితో వచ్చాడు. "మనవి కాదమ్మా, తెలిసినవాళ్ళవి" అన్నాడు. "కూర్చో బాబాయ్, మంచినీళ్ళు తాగు" అన్నాను. పరీక్షలో వైట్‌స్పాట్ తేలాక, ఆయన ఎదుటే, ఆయన కాలవ మీది రైతులకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మొదటి ఫోన్ సూరిబాబుకే చేశాను.