పసుపు రాసిన తుపాకీ

పల్లెకారుల ఇంట్లో పుట్టినవాడికి సముద్రం పడదంటే ఎవరైనా నమ్ముతారా? నాగశివకి పడదు. బాపట్ల అవతల తీరంలో వాళ్ల తాతముత్తాతలంతా వేట మీదే బతికారు. అక్కడ వేట అంటే చేపల వేటే, ఇంకో అర్థం లేదు. వీడు మాత్రం పడవ ఒడ్డు వదిలితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేలా కక్కుకునేవాడు. తండ్రి బాపయ్య నిమ్మకాయ వాసన చూపించాడు, అల్లం నమిలించాడు, విసుగొచ్చి వీపు మీద నాలుగు తగిలించాడు కూడా. ఏదీ పని చెయ్యలేదు. ఊళ్లో కుర్రకారు 'కక్కుల నాగిగాడు' అని పేరు పెట్టేశారు. ఆ పేరు వదిలించుకోవడానికే మిలటరీలో చేరాడని నా అనుమానం. దేశభక్తి లేదనను, ఉంది. కానీ మొదటి పోస్టింగ్ ఎడారిలో అని తెలిసినప్పుడు అంత సంబరపడినవాడు రెజిమెంటు మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఎడారి ఎన్నాళ్లుంటుంది? సర్వీసు అయిపోయింది, మళ్లీ తీరానికే వచ్చిపడ్డాడు. పెన్షన్‌తో ఇల్లు సగమే గడుస్తుంది. మిగతా సగం భార్య దుర్గాదేవి బాపట్ల మార్కెట్లో చేపలమ్మి లాక్కొస్తోంది. ఈలోగా బావమరిది శివకృష్ణ బోటులో మనిషి తక్కువయ్యాడు. "బావా, సోమవారం నుంచి నువ్వొచ్చెయ్. అలవాటైపోద్దిలే," అన్నాడు. బావమరిది మంచివాడే. ఆ మాట విన్న రాత్రి మాత్రం నాగశివకి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే తెనాలిలో బంగారం తాకట్టు పెట్టుకునే ఒక కంపెనీ వాళ్లకి గన్‌మ్యాన్ కావాల్సి వచ్చింది. సొంత తుపాకీ ఉన్నవాడే కావాలి. నాగశివ దగ్గర లైసెన్సు ఉంది, కొనుక్కోవడానికి అనుమతీ ఉంది, తుపాకీ ఒక్కటే లేదు. బ్రాంచి మేనేజరు జెస్సీ మర్యాదగానే చెప్పింది.

"తుపాకీతో వస్తే సోమవారమే డ్యూటీలో చేరిపోండి. లేదంటే ఇంకొకాయన రెడీగా ఉన్నారండి. మరీ పెద్దదేం అక్కర్లేదు, గుమ్మం దగ్గర కనబడితే చాలు."

తుపాకీ దొరికితే తెనాలి, దొరక్కపోతే సముద్రం. మధ్యలో ఇంకో దారి లేదు.

తుపాకుల దుకాణంలో ఒంటి గొట్టం తుపాకీ చవగ్గానే ఉంది. కానీ అది ఒక్క దెబ్బ కాల్చాక చేతిలో మిగిలేది కర్రే అని అతని వాదన. ఇన్నేళ్లూ అతని చేతులకి అలవాటైంది సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ తర్వాతి తూటాని అదే ఎక్కించుకుంటుంది. అందులో పెద్దవి మామూలు మనుషులకి ఇవ్వరు. చిన్న తూటా పేల్చే రైఫిలు ఒకటి ఇస్తారు. దాని ధర చెప్పగానే నాగశివ అద్దాల బీరువా మీద నుంచి చెయ్యి తీసేశాడు. దుకాణదారు జాలిపడ్డాడో, బేరం తెగదని తెలిసి వదిలించుకున్నాడో గానీ, "అలాంటిదే పాతది ఒకటుంది అన్నా. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో వెంకట్రామయ్యగారని, అమ్మేద్దామని చూస్తున్నారు," అన్నాడు.

శనివారం పొద్దున్నే రేపల్లె బస్సెక్కి నగరంలో దిగాడు నాగశివ. వెంకట్రామయ్య ఒకప్పుడు రొయ్యల చెరువులు చేసిన మనిషి. చెరువుల కాపలాకి కొన్న రైఫిలు అది. చెరువులు పోయాయి, కళ్లు మసకబారాయి, రోషం ఒక్కటే చెక్కుచెదరలేదు. ఆయన భార్య హనుమాయమ్మ దేవుడి గదిలోంచి పట్టుగుడ్డలో చుట్టిన రైఫిలుని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చి మంచం మీద పెట్టింది.

"ప్రతి దసరాకీ నా చేత్తోనే పసుపు రాసి బొట్టు పెట్టాను నాయనా. పాతది ఎప్పుడూ కడగలేదు. దాని మీదే కొత్తది."

నాగశివ తూటాల పెట్టె ఊడదీసి చూశాడు. బోల్టు లాగి వదిలాడు, శుభ్రంగా ఆడింది. గొట్టంలోంచి వెలుతురు వైపు చూస్తే లోపల అద్దంలా మెరిసింది, పెద్దాయన నూనెగుడ్డ వేసి తుడిచిన చెయ్యి తెలుస్తోంది. ధర కూడా తన దగ్గరున్నదానికి సరిపోతుంది. సోమవారం యూనిఫాం వేసుకుని, కదలని నేల మీద, కదలని కుర్చీలో కూర్చున్నట్టు అప్పుడే కళ్లకి కట్టేసింది. ఇంక చూడాల్సింది ఒక్కటే మిగిలింది. గొట్టం మొదట్లో, తూటా పేలే చోట, నాలుగు వేళ్ల వెడల్పున పసుపు గట్టిపడి ఉంది. బొటనవేలు అక్కడిదాకా పోయి ఆగింది.

ఇదిగో, ఇక్కడే నాగశివ బుద్ధి గడ్డి తింది. పల్లెలో కొత్త పడవకి పసుపు రాస్తే దాన్ని ఎవ్వరూ తుడవరు. సముద్రమే కడుక్కోవాలి. మనిషి చెయ్యి పెడితే పడవ తిరిగిరాదని నమ్మకం. ఎడారులూ మంచుకొండలూ తిరిగొచ్చినా ఆ భయం ఒంట్లోంచి పోలేదు. అయినా నసుగుతూ అడిగాడు.

"పిన్నిగారూ, ఈ పసుపు ఒక్కసారి తుడిచి చూడొచ్చాండీ?"

"అయ్యో అయ్యో! ఆయన ఆయుధానికి బొట్టు చెరుపుతావా? ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే?" హనుమాయమ్మ రైఫిలు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"తప్పయిపోయిందండి. అక్కర్లేదు, నేను తీసుకుంటాను," అన్నాడు నాగశివ. అనకుండా ఉండాల్సింది. ఏం చేస్తాం, అన్నాడు.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ వెంకట్రామయ్యకి రోషం వచ్చింది.

"కాదబ్బాయ్, అనుమానంతో కొంటే నాకు నచ్చదు. కళ్లు పోయాక కాల్చలేదు గానీ చెయ్యి మర్చిపోలేదు. ఒకటి పేల్చి చూపిస్తా, రా." నాగశివ వద్దంటున్నా వినకుండా తూటాలు ఎక్కించి, పెరటి గుమ్మంలోకి పోయి, మనుషుల్లేని చేల వైపు తిరిగి రైఫిలు భుజానికెత్తాడు. చెంప దానికి ఆనించాడు. ఎడంచెయ్యి జరుపుకుంటూ గొట్టం మొదట్లో గట్టిగా పట్టుకున్నాడు.

ఆ పట్టుకి పసుపు పెళ్ళ ఒకటి ఊడి పడింది. దానికింద నల్లటి ఇనుము కనబడాలి. కనబడింది ఎర్రమట్టి రంగు. ఉప్పుగాలికి బోటు బోల్టులు ఎలా పుచ్చిపోతాయో చిన్నప్పుడు కక్కుకుంటూ పడుకుని మరీ చూసిన నాగశివకి, ఆ తుప్పు రంగు ఒకరు చెప్పక్కర్లేదు.

"బాబాయిగారూ, ఆగండి!"

పెద్దాయన ఆగలేదు. వేలు ట్రిగ్గరు మీద బిగుస్తోంది. వెనక నుంచి లాగితే బెదిరి నొక్కేస్తాడు. నాగశివ ఒక్క అంగలో పక్కకి చేరి, తన చిటికెనవేలుని ట్రిగ్గరు వెనక సందులోకి దూర్చేశాడు. వెంకట్రామయ్య నొక్కాడు. వేలు నలిగింది, ప్రాణం జివ్వుమంది, తుపాకీ మాత్రం పేలలేదు.

"ఏంట్రా ఇది!" అని గద్దించాడు పెద్దాయన.

నాగశివ రైఫిలు లాక్కుని, తూటాలన్నీ దులిపేసి, తువ్వాలు పెరట్లో నీళ్ల తొట్టిలో ముంచి పసుపు మీద పెట్టి రుద్దాడు. హనుమాయమ్మ మంగళసూత్రం రెండు చేతులతో పట్టుకుని కేక పెట్టింది.

"నా పసుపుకుంకాలు చెరిపేస్తున్నాడురోయ్! నీకేం పాపం చేశాంరా!"

అతను రుద్దడం మాత్రం ఆపలేదు. పసుపు కరిగి కాళ్లమీద కారింది. ఇనుము పుచ్చిపోయి గుంటలు పడి ఉంది. ఒక గుంటలో గోరు దిగింది. దాని పక్కనే వెంట్రుకవాసి పగులు.

"అమ్మా, కోప్పడకుండా ఇలా రండి. తూటా పేలేది సరిగ్గా ఇక్కడే. ఆయన చెంప ఆనించింది దీని పక్కనే," అన్నాడు.

హనుమాయమ్మ వచ్చి చూసింది. ఎన్నో దసరాల తడి పసుపు, దాని మీద ఉప్పుగాలి. కాసేపటికి అర్థమైంది. "నా చేత్తోనే రాశానే," అంటూ అక్కడే తడిలో కూలబడి భర్త కాళ్లు పట్టుకుని ఏడ్చింది. వెంకట్రామయ్య చెంప తడుముకుంటూ నిలబడ్డాడు.

చివరికి పెద్దాయనే అన్నాడు. "నాకు తెలీదబ్బాయ్, దేవుడి మీద ఒట్టు. పోనీ ఓ మాట చెప్పనా? నీకు గుమ్మం దగ్గర నిలబడ్డానికేగా. కాల్చే పని ఎప్పుడొస్తుంది? ఊరికే పట్టుకుపో. నాకేం ఇవ్వొద్దు."

ఊరికే! నాగశివ చూపు మళ్లీ రైఫిలు మీదకి పోయింది. కనబడితే చాలు అని జెస్సీ మేడమే అంది. కాస్త నల్లరంగు కొడితే పగులు ఎవరికి కనబడుతుంది? జీవితాంతం ఒక్క తూటా కాల్చకుండా రిటైరైన గన్‌మ్యాన్లు ఎంతమంది లేరు! కానీ కాల్చాల్సిన రోజే వస్తే? కౌంటరు దగ్గర ఆడపిల్లలు నిలబడి తనవైపే చూస్తారు. ఇంకోవైపు ఎల్లుండి. బోటు ఒడ్డు వదలడం, కింద నేల జారిపోవడం, 'మిలటరీ నాగిగాడు కక్కుతున్నాడ్రోయ్' అని కుర్రాళ్ల నవ్వు. అది తల్చుకుంటేనే నోట్లో పులుపు ఊరింది. ఎటూ తేల్చుకోలేక దుర్గాదేవికి ఫోన్ చేశాడు. తీసుకో అంటుందని ఆశ. అంటే తప్పు సగం ఆమెది కూడా అవుతుంది కదా, మగబుద్ధి!

మార్కెట్ గోలలో ఆమె అంతా విన్నది.

"అది పేలితే ఎవరి మొహం మీద పేలుద్ది?" అని అడిగింది.

"నా మొహం మీదే."

"మరి ఫోన్ చేసి అడుగుతావేంటయ్యా? బుద్ధుందా నీకు?"

"తీసుకోకపోతే ఎల్లుండి పడవెక్కాలే, దుర్గా." నలభై దాటిన ఆ జవాను ఆ మాట చిన్నపిల్లాడిలా అన్నాడు.

అవతల ఎవరో చేపల ధర అడుగుతుంటే ఆగమని కసిరింది. తర్వాత మెల్లగా అంది.

"పడవెక్కితే కక్కుకుంటావ్. అంతేగా? చచ్చిపోవుగా. వచ్చెయ్."

నాగశివ రైఫిలుని మంచం మీద పెట్టి, పెద్దాళ్లిద్దరికీ దణ్ణం పెట్టి, బాపట్ల బస్సు కోసం రోడ్డెక్కాడు.