గంగ నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పినాయన

దయ్యాలంటే నాకు నవ్వులాట. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాను. ఆ చప్పుడులో పక్క మనిషి మాటే వినపడదు, ఇక దయ్యం మాట ఎవడు వింటాడని తోటివాళ్లను ఆటపట్టించేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. మా అవ్వ విషయంలో జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

అవ్వ అంటే నన్ను కన్న తల్లి. ఆమెకు రక్త క్యాన్సర్. వైద్యం కరీంనగర్‌లో. మాటిమాటికీ సూది గుచ్చకుండా చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా సన్నటి పైపు వేసి, బయటి కొసకు పట్టీ అతికించారు. కీమో మందులన్నీ దాంట్లోంచే పోతాయి. దానికి నీటి చుక్క తగలనియ్యొద్దని గట్టిగా చెప్పారు. కీమోకూ కీమోకూ మధ్య అవ్వ మంథనిలో చిన్నమ్మ ఇంట్లో ఉండేది.

ఒకసారి అక్కణ్నుంచి వచ్చీ రాగానే చలిజ్వరం పట్టుకుంది. పైపులో మందు ఎక్కించినప్పుడల్లా మంచం ఊగేటట్టు వణికేది. యాంటీబయాటిక్స్ మార్చారు, తగ్గలేదు. బీపీ పడిపోతోంది. కీమో వల్ల ఒంట్లో తెల్లకణాలు లేవని, ఇతరులను ఏమీ చేయని సూక్ష్మజీవి కూడా ఈమె ప్రాణం తీయగలదని అన్నారు. రక్తంలో ఏముందో తేలే రిపోర్టు ఇంకా రాలేదు. అంతదాకా అవ్వ ఉంటుందా అన్నదే నా భయం. నాకు ఆమె తప్ప ఎవరున్నారు?

పైపు తీసేద్దామా అని డాక్టర్లు ముందే అనుకున్నారు. కానీ తీస్తే మళ్లీ వేయడానికి నరం దొరకదని ఆగారు.

ఒకరోజు పొద్దున డాక్టరు వస్తూనే నా మీద కోపానికి వచ్చాడు.

“గంగల తానం చేయించిన్రట గదా. గా ముచ్చట ముందే చెప్పద్దా?”

మా దిక్కు గోదావరిని గంగ అంటాం. గంగలో స్నానం సంగతి నాకేమీ తెలియదన్నాను.

“మీ బాపు మెట్ల కాడ నన్ను ఆపి చెప్పిండు. ఆమె పెనిమిటినని చెప్పుకున్నడు. గంగ నీళ్లు వడ్డయ్, పైపు తీసెయ్యుండ్రి అన్నడు.”

పైపు తీయడానికి ఒప్పుకుని సంతకం పెట్టాను. ఆ పూటే పైపు తీసేశారు. సాయంత్రానికి వణుకు ఆగింది.

చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఏడ్చింది.

“అక్క ఇనలే కొడుకా. ఉంటనో పోతనో, మీ బాపు పేరు మీద గంగల నీళ్లిడుస్తా అన్నది. చేతికి కవరు చుట్టినం. మునిగినంక సూస్తే లోపల తడిసే ఉన్నది. తిడ్తవని ఎవలకు చెప్పలే.”

తర్వాత రిపోర్టు వచ్చింది. నదుల్లో, తడి మట్టిలో బతికే ఏదో సూక్ష్మజీవి అట, మనిషి రక్తంలో చాలా అరుదుగా కనపడుతుందట. దానికి సరిపడే మందు ఇచ్చారు. ఇంకొంత ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరే అన్నాడు.

మా బాపు దుబాయిలో చనిపోయాడు. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. పెట్టెలో వచ్చిన బాపును కళ్లారా చూశాను, నిప్పు పెట్టింది నేనే. ఆయన పాస్‌పోర్టు ఫోటో నా ఫోన్‌లో ఉంటే డాక్టరుకు చూపించాను. అప్పుడన్నా కాదంటాడని నా ఆశ.

డాక్టరు ఫోటోను పెద్దది చేసి చూశాడు. “ఈయన పడుచాయన గదా. నాకు చెప్పింది ముసలాయన,” అన్నాడు.

బాపు బతికి ఉంటే ఇప్పుడు ముసలివాడే.

స్నానాల రేవులో ఎవరో చూసి చెప్పి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాళ్లకు ఆసుపత్రి ఎట్లా తెలుస్తుంది? ఇంత దూరం ఎందుకొస్తారు? మంథనిలో అందరినీ అడిగాను. ఎవరూ రాలేదు. ఎంత ఆలోచించినా నాకు తెగలేదు, ఇక తెగుతుందన్న నమ్మకమూ లేదు.

అవ్వ కోలుకున్నాక భయపడుతూనే ఈ సంగతంతా చెప్పాను. ఆమె భయపడలేదు. ముసలాయన అన్న మాట దగ్గర నా చేయి పట్టుకుంది.

“జుట్టంత తెల్లవడ్డదట్నా?” అని అడిగింది.

అది నేను డాక్టరును అడగలేదు.