ఇరవై నిమిషాల నీడ

యాత్రకొచ్చిన మీరు మా బావ ఇచ్చిన చెప్పులేసుకుని నడిచారు. పని కాగానే ఆ చెప్పులు ఎక్కడపడితే అక్కడ వదిలేసి బండెక్కారు. ఆయన వంగి ఒక్కో జతా ఏరుకుంటుంటే కిటికీలోంచి చూశారు. ఆయన పేరు మీలో ఎవరూ అడగలేదు.

పోయిన మంగళవారం ఆయన చనిపోయాడు. తిరుపతిలో ఒక లాడ్జి పార్కింగులో, ఎండలో, తన మినీబస్సు స్టీరింగు మీద తల వాల్చి. లాడ్జి హాల్లో డ్రైవర్లు కూర్చోకూడదట. ఆపిన బండిలో ఏసీ వేయకూడదట. మూడింటికి జనం సామాన్లతో వచ్చి, నిద్రపోతున్నాడనుకుని అద్దం మీద దబదబా కొట్టారు.

ఆయన మా అక్క భర్త. ముప్పై ఏళ్లు యాత్రికుల బండి తోలాడు. ఆయనంటే నాకు అభిమానం ఉండేది, అసూయ అంతకంటే ఎక్కువ ఉండేది. మనిషి పోయినా అది పోలేదు. దాచుకుని మంచి మాటలు రాయడం నాకు చేతకాదు.

నేను శ్రమ గురించి, హక్కుల గురించి రాసేవాణ్ణి, మాట్లాడేవాణ్ణి. నా సభకు పదిమంది వస్తే అందులో ఇద్దరు మైకువాళ్లు. ఆయనేమో గుండ్లు గీయించుకుని, ఆకలితో, ఇంక ఊరికి పోదామని గొణిగే ఇరవైమందిని మండుటెండలో ఒక రాతి మంటపం దగ్గర దించి, నవ్వించి ఎక్కించుకుపోయేవాడు. కార్మికుల మీద నేను రాసిన పుస్తకాలన్నీ ఇంట్లో పెట్టుకుని, నా కూతురు సెలవు దొరికితే ఆయన బండెక్కేది. "నువ్వు చెప్తే పరీక్ష రాసినట్టుంటాది నాయనా," అనేది.

ఆ మంటపం చంద్రగిరి పోయే దారిలో, రోడ్డుకి కాస్త లోపలికి ఉంటుంది. అందులో దేవుడు లేడు, టికెట్టు లేదు. ఎండనపడి నడిచేవాళ్లు కూర్చోవడానికి ఎవరో ఎప్పుడో కట్టించింది. ఎక్కడెక్కడ ఆగాలో రాసి బండి యజమాని ఇచ్చే చార్టులో దాని పేరే లేదు. చంద్రగిరి కోటకి చేరేలోపల ఇరవై నిమిషాలు మా బావే మిగిల్చేవాడు.

ఊరికే మిగిల్చేవాడు కాదు. ముందురోజు సాయంత్రం అక్క కాఫీ ఇస్తుంటే కూర్చుని లెక్కేసేవాడు. "రేపు రెండున్నరకి చేరతాం. అప్పుటికి నీడ తూరుపు పక్కకి తిరిగింటాది. ముసిలోళ్లు లోపల, మిగతావాళ్లు తూరుపు గోడకాడ." సీటు కింద గోనెసంచి నిండా రబ్బరు చెప్పులు. జనం బస్సుల్లో, లాడ్జిల్లో మరిచిపోయినవి తెస్తే అక్క కడిగి ఆరబెట్టేది. గుడి తర్వాత గుడే కదా అని యాత్రికులు చెప్పులు రూములోనే వదిలేసి బండెక్కుతారు. మధ్యలో రాతి మీద నడవాల్సి వస్తుందని ఎవరికీ తోచదు.

"యజమానికి ఊరికే చాకిరీ చేస్తుండావు బావా," అని దెప్పేవాణ్ణి.

"ఆయనకి ఆ మంటపం ఉండాదనే తెల్దు గదరా. ఇది మన చాకిరీ," అనేవాడు.

రెండేళ్ల కిందట ఒకరోజు పంతం పట్టాను. ఈసారి మంటపం దగ్గర నేను మాట్లాడతానన్నాను. "మాట్లాడు బామ్మర్దీ, నా గొంతుకి సెలవు," అన్నాడు. నేనూ ప్లాను వేసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి స్కూటర్ మీద పోయి చూసొచ్చాను. పడమటి గోడ దగ్గర చల్లగా నీడ. అక్కడ నిలబెట్టాలని నిర్ణయించాను. కాగితాలు సర్దుకున్నాను.

మేం బండిలో అక్కడికి చేరింది రెండున్నరకి. తెనాలి వైపు జనం. నేను ముందు దిగి, చెయ్యి ఊపుతూ అందర్నీ పడమటి గోడ దగ్గరికే తీసుకుపోయాను. చెప్పుల సంచి గుర్తే లేదు. రాళ్లు మోసినవాళ్ల గురించి, పేర్లు మిగలనివాళ్ల గురించి ఊపందుకున్నాను. జనం ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతుంటే నా మాటలకి కదిలిపోయారనుకున్నాను. ఒక ముసలమ్మ కూలబడిపోయింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

మా బావ పరిగెత్తుకొచ్చి ఆమెను ఎత్తుకుని మంటపంలోకి పోయాడు. నీళ్లు పోశాడు, తడి తువ్వాలు కాళ్లకి చుట్టాడు. అందరికీ చెప్పులు పంచాడు. ముసలమ్మ తేరుకుని, "ఆయన చెప్పింది బుర్రకెక్కలేదు బాబూ, నువ్వు చెప్పు," అంది.

"ఈ స్తంభం మీద చెయ్యి పెట్టు పెద్దమ్మా. సల్లగా ఉండాదా? దీన్ని సెక్కినోడికి మాత్రం నీడ లేదు. వాడు ఎండలోనే కూసోని సెక్కినాడు."

ఇరవైమందీ స్తంభం చుట్టూ చేరి చేతులు ఆనించారు.

అది నా మాట. ఇరవై ఏళ్లుగా నేను రాస్తున్న మాట. ఆయన మూడు ముక్కల్లో చెప్పేశాడు, వాళ్లు ఒప్పేసుకున్నారు. తిరుగుదారిలో నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. "నువ్వు చెప్పింది నిజమే రా. కాళ్లు కాలేటప్పుడు నిజం ఎవురికి కావాల?" అన్నాడు.

వారం నుంచి అక్క దగ్గరున్న బావ ఫోను మోగుతూనే ఉంది. రాయచూరు, సేలం, తెనాలి యాత్రికులు. డ్రైవరన్న ఎలా పోయాడని ఏడుస్తున్నారు. పక్కన కూర్చుని వింటూ, నేను పోతే ఇన్ని ఫోన్లు వస్తాయా అని లెక్కేసుకున్నాను. అలాంటివాణ్ణి నేను.

నిన్న ఆ దారిలో పోయాను. బావ నడిపిన బండి కొత్త డ్రైవరుతో వచ్చింది. మంటపం దగ్గర వేగం కూడా తగ్గకుండా వెళ్లిపోయింది. యజమానికి ఫోన్ చేస్తే, "చార్టులో లేనిచోట ఆగేది లేదు సార్," అన్నాడు. కాబట్టి లాడ్జిలవాళ్లూ, బండ్ల యజమానులూ, యాత్రకొచ్చే మీరూ వినండి. మాకు కావాల్సినవి ఇవి:

మంటపం దగ్గర ఇరవై నిమిషాలు చార్టులో రాయాలి.

ప్రతి లాడ్జిలో డ్రైవర్లకి ఫ్యాను, మంచం, తాగునీళ్లు ఉన్న గది ఇవ్వాలి.

ఎండాకాలం మధ్యాహ్నం ఆపిన బండిలో ఏ మనిషినీ కాపలా కూర్చోబెట్టకూడదు.

బండెక్కగానే డ్రైవరు పేరు అడగాలి.

ఆయన అన్నం తినొచ్చేదాకా మీరు ఆగాలి.