కూసింత నొప్పి

తీరం వెంట ఉప్పు పండే ఊళ్ళు చాలా తిరిగాను గానీ, ఇమ్మానుయేలు లాంటి మనిషి నౌపడ ఉప్పుమళ్ళ గట్ల మీదే కనబడ్డాడు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదివి, గొడుగు వేసుకుని కూలీల ఆరోగ్య సర్వే చేస్తుంటాడు. ప్రశ్న అడిగే ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. మోకాళ్ళ నొప్పి లేదంటే సున్నా, కొంచెమంటే ఒకటి, ఎక్కువంటే రెండు, ఓర్వలేనంటే మూడు. ఊరి సగటు రెండు దాటితేనే వైద్యుల బండి వస్తుంది. "ఉప్పు బరువుకి సగటు కట్టొచ్చు సార్. ఈ నొప్పి అంకెలు ఏది ఎక్కువో ఏది తక్కువో వరస మాత్రమే చెబుతాయి. ఒకటికీ రెండుకీ మధ్య దూరం ఎవరు కొలిచారు? ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెడదాం" అని ఒకసారి పై అధికారితో అన్నాడు. "క్లాసులు పీకకు గానీ సగటు తియ్యి" అన్నాడాయన.

మొన్న దేముడమ్మ వంతు వచ్చింది. ఉప్పు గంప దించి, రెండు చేతులూ నేలకానించి కూర్చుంది.

"నొప్పి ఏపాటిది పిన్నీ?"

"కూసింత ఉన్నాది బాబూ."

లేవబోయి లేవలేక అతని మోచెయ్యి పట్టుకుంది. అతను ట్యాబ్‌లో మూడు నొక్కాడు.

"ఏటి నొక్కినావు?"

"మూడు. ఓర్వలేనంత."

"నీకేటి పిచ్చా? మేస్త్రికి తెలిస్తే రేపు నన్ను పనికి పిలుస్తాడేటి? ఇక్కడోళ్ళం అందరం కూసింతే అంటాం. ఒకటెయ్యి నాయినా, నీకు పున్నెముంటాది."

ఆమె చెయ్యి వదల్లేదు. అతను మూడు చెరిపి ఒకటి నొక్కాడు. ఇక సగటు తీసినా, తలలు లెక్కపెట్టినా, ఆ ఊళ్ళో నొప్పి కూసింతే.