తిలకం పెట్టుకున్న కెమెరా: బాపట్ల మీదుగా రేపల్లె

తెనాలి నుంచి రేపల్లెకు తిన్నగా రైలుండగా బాపట్ల మీదుగా చుట్టూ తిరిగి ఎవరైనా పోతారా అంటే, నేను పోయాను. డెబ్భైల మొదట్లో మాట ఇది. బాపట్లలో టీచరుగా చేస్తున్న నా స్నేహితురాలు సుగుణ కబురు పంపింది. రేపల్లెలో ఉండే వాళ్ళ మామ్మను కంటి ఆపరేషనుకు గుంటూరు తీసుకెళ్తున్నారట, సాయంత్రం బండికే ప్రయాణం. జన్మలో ఫోటో తీయించుకోని ఆ మామ్మ ఈసారి, "తిరిగొస్తానో రానో, ఒక్కటంటే ఒక్కటి తియ్యండి. రెండోసారి ఆ మిషను టక్కుమందంటే లేచి లోపలికి పోతా" అందట. స్టూడియోవాళ్ళకు ఈ షరతు చెబితే నవ్విపోతారు. మా నాన్న కెమెరా, దాన్ని వాడటం వచ్చిన నేను, ఇంతకు మించి దిక్కు లేదు. నేను ముందు బాపట్ల వెళ్ళి, సుగుణను తోడు తీసుకుని, అక్కడినుంచి బస్సులో రేపల్లె చేరాలన్నది ఏర్పాటు.

పొద్దున ఏడు దాటాక తెనాలిలో పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు రూపాయి లోపే. కిటికీ పక్కన సీటు దొరికింది, రెండువైపులా వరి పొట్టమీద ఉంది, మనసు హాయిగా ఉంది. నిడుబ్రోలు దాటాక ఊసుపోక కెమెరా బయటికి తీశాను. హాయి కాస్తా అక్కడితో సరి. ఆ కెమెరా లెన్సు చుట్టూ వెండిరంగు చక్రాలు రెండు ఉండేవి. లోపలికి ఎంత వెలుతురు రావాలో ఒకటి చెబుతుంది, ఎదుటి మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదీ రెండోది చెబుతుంది. అంకె చూసి తిప్పాలి. ఆ అంకెలే లేవు! ఏళ్ళ తరబడి వాడకంలో వాటి నల్లరంగు సగం ఎప్పుడో పోయింది. మొన్న దసరాకు ఆయుధపూజ అని మా అమ్మ ఆ చక్రాలను కుంకుమ భరిణె తోమినట్టు విభూది పెట్టి తోమేసింది. మిగతా సగమూ ఊడ్చుకుపోయింది. "చూడవే, కొత్తదానిలా ఎలా మెరుస్తోందో" అని మురిసిపోయింది కూడాను. నాన్నకు అంకెలతో పని లేదు, ఆయన వేళ్ళకే అన్నీ తెలుసు. అంకె కనబడకపోతే నాకు మాత్రం కాలూ చెయ్యీ ఆడదు.

బాపట్ల స్టేషన్లో సుగుణ నన్ను చూడగానే, "ఏంటే రాజ్యం, ఆ మొహం?" అంది. చెప్పాను. ఇద్దరం పరుగున బజారులో ఒక స్టూడియోకి వెళ్ళాం. అతను కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"బెజవాడ పంపించాలండి. వారం పడుతుందండి."

"మాకు సాయంత్రానికే కావాలండి. పోనీ మీ కెమెరా ఒకటి ఇస్తారా?"

"పొన్నూరులో పెళ్ళండి, ఉన్నవన్నీ అక్కడికే పోయాయి. ఉజ్జాయింపుగా నాలుగు కొట్టెయ్యండమ్మా, ఒకటైనా కుదురుతుంది."

"తీయనిచ్చేదే ఒకటి!" అని అరిచినంత పని చేశాను. పాపం, అతని తప్పేముంది? దూరం అంకె తప్పితే మొహం అలికేసినట్టు వస్తుంది, వెలుతురు అంకె తప్పితే నల్లగా మాడిపోతుంది. రెండూ ఉజ్జాయింపంటే గుడ్డివాడు గురి చూసినట్టే. హోటల్లో టిఫిన్ అయిందనిపించి బస్టాండుకు నడిచాం.

పదకొండు ప్రాంతంలో చెరుకుపల్లి మీదుగా పోయే రేపల్లె బస్సు దొరికింది. ఆ రోడ్డు సంగతి చెప్పకపోవడమే మంచిది, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. కాసేపటికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, చక్రం మీద అంకెల ఆకారంలో వెంట్రుకంత సన్నటి గీతలు కనబడ్డాయి. గోటితో తడిమాను. రంగు పోయింది గాని చెక్కడం పోలేదు! ఎండలో బాగా చూద్దామని చెయ్యి కొంచెం బయటికి పెట్టానో లేదో కండక్టరు గసిరాడు. "చెయ్యి లోపల పెట్టు చెల్లెమ్మా! తుమ్మకొమ్మ తగిలిందంటే ఆ పెట్టే ఉండదు, చెయ్యీ ఉండదు."

గీతల్లో ఏదో ఒక రంగు నిలబడాలి. ఏం రంగు, ఎక్కడ తేవాలి? ఉక్కకు నా నుదుటి తిలకం కారి ముక్కు మీదికొచ్చింది. సుగుణ రుమాలు తీసి తుడవబోతుంటే దాని చెయ్యి పట్టుకుని ఆపేశాను. నా సంచిలో తిలకం సీసా ఉంది! కాని ఆ కుదుపులో దాని మూత తీయడానికి ధైర్యం చాలలేదు.

మేం చేరేసరికి మామ్మ పెట్టె సర్దుకుని వసారాలో కూర్చుని ఉంది. తెల్లచీర, ఒళ్ళో బైబిలు. సుగుణ బాబాయి గారు, అంటే మామ్మ చిన్నకొడుకు, రిక్షా మాట్లాడటానికి బయల్దేరుతూ, "తొందరగా కానివ్వండమ్మా, బండి మనకోసం ఆగదు" అన్నారు. నేను నేలమీద చతికిలబడి సీసాలోని పుల్లతో తిలకం గీతల్లోకి దించి, వెంటనే తడిగుడ్డతో తుడిచాను. పైదీ పోయింది, లోపలిదీ పోయింది! ఏడుపొచ్చింది. మళ్ళీ దించాను. ఈసారి ఆరేదాకా ఆగాలి. వసారాలో ఎండ చూస్తే జరిగిపోతోంది.

"ఏం చేస్తోందే ఆ పిల్ల?" అంది మామ్మ. ఆవిడకు మా ఆకారాలే మసకగా తెలుస్తాయి.

"కెమెరాకు బొట్టు పెడుతోంది మామ్మా."

"ఓరి ప్రభువా! అయితే మా కొంపలో బొట్టు పెట్టుకున్నది అదొక్కటే" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "వద్దులే అమ్మాయ్, పోనియ్. నా చిన్నప్పుడు ఒక దొరసాని వచ్చి మా అమ్మను ఫోటో తీసి పట్టుకుపోయింది. ఆ వేసంగికే అమ్మ పోయింది. ఆ ఫోటో మా కళ్ళపడనే లేదు. ఇప్పుడు అమ్మ మొహం కూడా నాకు గుర్తు లేదు."

సుగుణ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను పొడిగుడ్డ వేలికి బిగించి చుట్టి, చక్రాల పైపైన ఒక్కసారి తుడిచాను. ఎర్రగా ఆరు, పక్కన ఎనిమిది, ఒక్కొక్కటే తేలి వచ్చాయి. "వచ్చాయే!" అని కేక పెట్టాను. ఆ కేకకే కాబోలు, మామ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

కుర్చీ నుంచి చేత్తో నాలుగు మూరలు కొలిచి అక్కడ నిలబడ్డాను. మూరంటే అడుగున్నర, కాబట్టి ఆరు అడుగులు. ఎర్ర ఆరును లెన్సు మీది గుర్తుకు ఎదురుగా తెచ్చాను. వెలుతురు చక్రాన్నీ వసారా ఎండకు సరిపడే అంకెకు తిప్పాను. బయట రిక్షా గంట మోగింది.

"మామ్మా, కదలొద్దండి."

టక్కుమంది. "అయిందా? బతికే ఉన్నానుగా" అంటూ లేచింది మామ్మ. రిక్షా మలుపు తిరిగాక కెమెరా సంచిలో పెట్టుకున్నాను.

రీలు తెనాలిలో కడిగించాను. ప్రింటు చేతికొచ్చాక స్టూడియో మెట్లమీదే కూర్చుండిపోయాను. ముడతలు, తెల్లవెంట్రుకలు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. క్రిస్మస్ ముందు ఈసారి తిన్నగా రేపల్లె రైలెక్కి తీసుకెళ్ళాను. మామ్మకు దళసరి కళ్ళద్దాలు వచ్చాయి. ఫోటో అందుకుని వెలుతురు వైపు తిప్పి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. బాగాలేదేమో అని నాకు భయం పట్టుకుంది.

"ఇది నేను కాదే" అంది చివరికి.

"మీరే మామ్మా."

"కాదమ్మా, మా అమ్మ. ఇదుగో, ఈ గడ్డం, ఈ చూపు..." ఆవిడ ఫోటోను వేలితో తడిమింది. "ఆ దొరసాని పట్టుకుపోయినదాన్ని ఇన్నాళ్ళకు తెచ్చిచ్చావా తల్లీ!"

మామ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఎవరు ఫోటో తీస్తామన్నా, "ఉందిగా ఒకటి, చాలు" అనేదట. నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో రీళ్ళు ఖర్చు పెట్టాను. ఏ ప్రయాణంలోనూ ఆ రోజు పడ్డంత భయం పడలేదు, అంత సంతోషమూ పడలేదు. ఆ కెమెరా ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అంకెల గీతల్లో ఎరుపు కొంచెం వెలిసింది. పాత కెమెరా పట్టుకుని బయల్దేరేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: ముందు రోజే అంకెలు చూసుకోండి. చెక్కడం మిగిలి ఉంటే రంగు దించి, బాగా ఆరనిచ్చి, పొడిగుడ్డతో పైపైన తుడవండి. తడిగుడ్డ వద్దు. విభూది అసలే వద్దు.