సింహాసనం వెనక చిక్కుకుపోయాను

ఈ సాయంత్రం రాయపూర్‌లో మన రైల్వే తెలుగువాళ్లు వేసిన నాటకం చూసినవారికి ఒక సంగతి తెలియదు. రాణిగారి సింహాసనం వెనక నేనున్నాను.

రాణి వేషం మా మరిది కొడుకు సూర్యానిది. పగలు స్టేషన్‌లో టికెట్లు ఇస్తాడు, మనిషి దిట్టం. భార్య రవిక తొడుక్కుని కూర్చోగానే వీపున కుట్టు పుటుక్కున తెగింది. కుర్చీ మీద కప్పిన జరీ దుప్పటి కింద దూరి, మోకాళ్ల మీద కూర్చుని నేను కుడుతుండగానే ఎవరో తొందరపడి తెర ఎత్తేశారు.

"పెద్దమ్మా, పర్దా లేచిపోయింది! వదిలారంటే నా ఇజ్జత్ పోతుంది," అన్నాడు పెదవి కదపకుండా.

"పట్టుకున్నానులే. నువ్వు పద్యం ఎత్తుకో," అన్నాను.

బిడ్డను పోగొట్టుకున్న రాణి శోకం అది. వాడు రాగం తీసినప్పుడల్లా వీపు ఉబ్బి, రవిక నా వేళ్లలోంచి జారబోయేది. పద్యం అయింది కదా, ఇక తెర దించుతారనుకున్నాను. "వన్స్ మోర్!" అన్నారు జనం. వాడు మళ్లీ పాడాడు. మళ్లీ "వన్స్ మోర్!" నా మోకాళ్లు పట్టేశాయి, తుమ్ము ముక్కు దాకా వచ్చింది. మూడోసారి అందరికన్నా గట్టిగా అరిచిన గొంతును గుర్తుపట్టాను. ముందు వరసలో కూర్చున్న మావారిది.

ఇంటికొచ్చాక, "అంత బాగా పాడాడు, నువ్వెక్కడా కనబడలేదేం?" అని ఆయనే అడుగుతున్నారు. మీరైతే ఏం చెబుతారు?